తలకు పట్టించే నూనె – తలకెక్కించే ప్రచారం

దేశంలో ఇన్ని సమస్యలుండగా విద్యార్థి సంఘం వార్షిక సంచికలో కొబ్బరి నూనె మీద వ్యాసమేమిటని పాఠకులు ముక్కున వేలేసుకోవచ్చు. నిరుద్యోగం మీద రాయవచ్చు, ఫీజుల మీద రాయవచ్చు, పరీక్షల విధానం మీద రాయవచ్చు. ఆ పని చేసే మిత్రులు ఈ సంచికలోనే ఉంటారు. నేను రాయదలచుకున్నది మాత్రం ప్రతి హాస్టల్ గదిలో, అద్దం పక్కన, దువ్వెనకు తోడుగా నిలబడి ఉండే సీసా గురించి. చిన్న విషయమే. కాని ఆ చిన్న సీసా చుట్టూ మన సిగ్గు ఉంది, మన డబ్బు ఉంది. చదివిన చదువు మనకు ఎంతవరకు వంటబట్టిందో తేల్చే పరీక్ష కూడా ఉంది.

మొదట సిగ్గు సంగతి చెబుతాను.

ఏటా జిల్లాల నుంచి కొత్త విద్యార్థినులు క్యాంపస్‌కు వస్తారు. చాలామంది తలకు నిండుగా నూనె పెట్టి, బిగించి జడ వేసుకుని వస్తారు. నెల తిరిగేసరికి ఆ జడ వదులవుతుంది, నూనె మాయమవుతుంది. ఎందుకని? మా హాస్టల్లో ఒక జూనియర్ అమ్మాయి నన్నడిగింది: “అక్కా, నూనె పెట్టుకోని క్లాసుకు పోతే ఎన్కకెల్లి నవ్వుతున్నరు. ఇగ పెట్టుకోవద్దా?” నవ్వేవాళ్లకు ఆ నూనెలో ఊరు కనిపిస్తుంది, పేదరికం కనిపిస్తుంది. అబ్బాయిల సంగతీ ఇంతే. పాపిట తీసి నున్నగా దువ్వుకు వచ్చిన కుర్రవాడికి వారం తిరక్కుండానే ఒక ముద్దుపేరు తగిలిస్తారు.

ఇక్కడే అసలు తమాషా ఉంది. అలా నవ్వేవాళ్లే తార్నాకలోని పెద్ద దుకాణానికి వెళ్లి, గాజు సీసాలో అందంగా అమర్చిన ‘వర్జిన్’ కొబ్బరి నూనెను మామూలు నూనెకు ఎన్నో రెట్లు ధర పెట్టి కొంటారు. దాని మీద ‘సహజ సౌందర్యం’ అని రాసి ఉంటుంది. ఊరి నుంచి వస్తే జిడ్డు, దుకాణం నుంచి వస్తే సౌందర్యం! ఒకే నూనెకు ఈ రెండు రకాల మర్యాద ఎక్కడి నుంచి వచ్చింది? నూనెలో నుంచి రాలేదు. మన తలలో నుంచి వచ్చింది.

ఈ నూనె మన అమ్మమ్మల నాటి రహస్యమని ప్రకటనలు ఊదరగొడుతుంటాయి. ఎవరి అమ్మమ్మలు? కోనసీమ అమ్మమ్మల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. అంబాజీపేట కొబ్బరి సంతకు చుట్టుపక్కల ఉన్నవారికి కొబ్బరి పెరటి చెట్టు. మరి మన తెలంగాణ మెట్ట పల్లెల్లో కొబ్బరి తోటలు ఎక్కడివి? మనకు కొబ్బరి అంటే దేవుడి దగ్గర కొట్టే కాయ, హోలీ నాడు పిల్లల మెడలో వేసే కుడుకల పేరు. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెల్కల్లో పండింది ఆముదం. పసిపిల్లల మాడుకు అద్దింది ఆముదం, పండుగనాడు ఒంటికి రాసింది నువ్వుల నూనె. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని సామెత ఊరికే పుట్టలేదు. మా నాయనమ్మ కొబ్బరి నూనెను ‘వాసన నూనె’ అనేది. ఆమెకు అది దుకాణం సరుకే గాని వంశపారంపర్య రహస్యమేమీ కాదు. అంటే కంపెనీవారు మనకు నూనె అమ్మడమే కాదు, లేని అమ్మమ్మను కూడా తయారుచేసి అమ్ముతున్నారన్నమాట.

ఇంత చెప్పాను గనుక కొబ్బరి నూనె పనికిమాలినదని నా వాదన అనుకునేరు. కానే కాదు. అది మంచి నూనె. ఎంతవరకు మంచిదో, ఎక్కడ మంచిది కాదో తెలుసుకుని వాడమనే నా వాదన. ఆ తెలుసుకోవడానికి మనకున్నంత వసతి ఇంకెవరికుంది? మన క్యాంపస్ గోడ దాటితే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధక కేంద్రంగా పుట్టి, 1958లో మన పక్కకు వచ్చి, 1969లో నేటి పేరు పెట్టుకున్నది. తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ దారి పడితే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. 1944లో హైదరాబాద్ సంస్థానంలో మొదలై, తర్వాత చాలాకాలం రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీగా పేరుపొంది, 1989లో ఈ పేరు మార్చుకున్నది. నూనెల మీద, కొవ్వుల మీద పరిశోధనకు పేరుపడ్డ చోటు అది. ఇటు లాలాపేట, అటు హబ్సిగూడ, నడుమ ఇంత విజ్ఞానం ఉంచుకుని మనం మాత్రం నూనె గురించి టీవీ ప్రకటనను అడుగుతాం, సెల్‌ఫోన్‌లో అరనిమిషం బొమ్మను అడుగుతాం.

సరే, రసాయన శాస్త్ర విద్యార్థినిగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. పన్నెండు కర్బన పరమాణువుల పొట్టి గొలుసు, వంకర లేని తిన్నని గొలుసు. మొత్తం మీద నూటికి తొంభై వంతుల దాకా సంతృప్త కొవ్వే. అందుకే ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు నెలలో పొద్దున్నే సీసా బోర్లించి, వేడినీళ్లలో ముంచి, వేలు పెట్టి తిప్పలు పడేది ఇందుకే. అది కల్తీ కాదు, దాని స్వభావం.

తలవెంట్రుక నీళ్లలో నానినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఉబ్బడం, ముడుచుకోవడం, పైన దువ్వెన రాపిడి – వీటివల్ల వెంట్రుకలోని ప్రోటీన్ కొంత కొంత పోతుంది. కొబ్బరి నూనె అణువు చిన్నది, తిన్ననిది కాబట్టి వెంట్రుక లోపలికి చొరబడి ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. 2003లో ‘జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్’లో వచ్చిన పరిశోధన పత్రంలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ – ఈ మూడింటినీ పోల్చి చూశారు. ప్రోటీన్ నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అయితే ఒక మాట. ఆ పత్రం రాసిన ఇద్దరూ మారికో కంపెనీ పరిశోధన విభాగం వారు. మారికో అంటే మనందరికీ తెలిసిన నీలం సీసా కంపెనీ. అంతమాత్రాన ఫలితం అబద్ధమనలేము. లెక్క ఎవరు చేసినా రెండు రెళ్లు నాలుగే. కాని లెక్క చేసినవాడికి అందులో లాభముందా లేదా అని చూసుకోవడం చదువుకున్నవాడి అలవాటుగా ఉండాలి.

ఇంకొక సంగతి. నూనె వెంట్రుకను కాపాడుతుంది గాని మొలిపించదు. మనకు పైకి కనిపించే వెంట్రుక జీవం లేనిది. మొలిచేదంతా చర్మం లోపల, కుదురు దగ్గర. జుట్టు రాలడానికి రక్తహీనత, థైరాయిడ్, జ్వరం పడి లేవడం, పరీక్షల దిగులు, సరిగా తినకపోవడం – ఇలా సవాలక్ష కారణాలు. మెస్సులో పూట పూటా పచ్చడి మెతుకులు తిని తలకు పావుశేరు నూనె పోసుకుంటే ఏం లాభం? ఒళ్లంతా నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా అంటేదే అంటుతుంది. చుండ్రు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. చుండ్రుకు తోడ్పడే సూక్ష్మజీవి నూనెల మీదనే బతుకుతుంది. రాత్రంతా తలకు నూనె పట్టించి పడుకోవడం దానికి విందు పెట్టినట్టే.

ఇక చర్మం. చలికాలంలో మోచేతులు తెల్లబడటం, మడమలు పగలడం, పెదవులు చిట్లడం ఎవరికి లేవు? స్నానం చేసి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పలుచగా కొబ్బరి నూనె రాస్తే ఆ తడిని చర్మంలోనే పట్టి ఉంచుతుంది. ఇందుకు ఖరీదైన క్రీము అక్కరలేదు. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షించి, మినరల్ ఆయిల్ కంటే వర్జిన్ కొబ్బరి నూనె బాగా పనిచేసిందని 2014లో ప్రచురించారు. పొడి చర్మానికి మంచి తోడు అనడానికి ఇది చాలు.

కాని మొటిమలున్న ముఖానికి అదే నూనె శత్రువు. చర్మ రంధ్రాలను మూసేస్తుంది. తలకు జిడ్డు పదార్థాలు రాసేవారికి నుదుటి మీద వరుసగా లేచే మొటిమలకు వైద్యులు 1970లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. నుదురు, కణతలు పొక్కుతుంటే ముందు నూనె మానుకుని చూడండి. ఎండకు కూడా కొబ్బరి నూనె గొడుగు కాదు. అది రాసుకుని మే నెల మిట్టమధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజి ముందు తిరిగితే చర్మం కమలకుండా ఉండదు. కాలిన గాయానికి నూనె పూయడం మరీ తప్పు. చల్లని కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడమే ప్రథమ చికిత్స. తామరకు నూనె మందు కాదు. ఆడపిల్లలు నూనెలో నిమ్మరసం కలిపి ముఖానికి రాసుకుంటున్నారు. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం కాలి నల్లమచ్చలు పడే ప్రమాదముంది. సహజమైనదంతా మంచిదే అయితే ఉమ్మెత్త కాయ కూడా సహజమైనదే గదా!

తలకు మంచిదని కడుపులోకి గరిటెలతో పోసుకోవడమూ ఈ మధ్య ఫ్యాషనయింది. సంతృప్త కొవ్వుల నుంచి వచ్చే శక్తి పదో వంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు అసలు బాధ కలిగించే విషయానికి వస్తాను. మనలో చాలామంది నూనె గాని క్రీము గాని కొనేది చర్మం బాగుండటానికి కాదు, తెల్లబడటానికి. 1975లో మన దేశపు బజారులోకి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ వచ్చింది. 2020లో దానిపేరు ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. నలభై ఐదేళ్లపాటు ఆ మొదటి పేరు దేశానికి నేర్పిన పాఠం ఏమిటి? తెల్లగా ఉంటేనే అందమని. పేరు మారింది గాని పాఠం మారిందా? పెండ్లిచూపులకు పోయి చూడండి, తెలుస్తుంది.

మాతో చదివిన ఒకమ్మాయి రంగు తక్కువని ఇంట్లో పోరు పడలేక, ఒక మందుల దుకాణంలో ఎవరో చెప్పిన ట్యూబు కొని ఆరు నెలలు రాసుకుంది. మొదటి నెల ముఖం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, ఎండలోకి వస్తే మంట. రాయడం ఆపితే పొక్కులు. చివరకు చర్మవైద్యుడు చూసి అందులో ఉన్నది స్టెరాయిడ్ అని చెప్పాడు. జబ్బుకు కొద్దిరోజులు వాడవలసిన మందును ఆమె అందానికి వాడింది. ఇటువంటి క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదని ప్రభుత్వం 2018లో నిబంధన బిగించింది. నిబంధన కాగితం మీద ఉంది, ట్యూబు కౌంటరు మీద ఉంది. మరికొన్ని తెల్లబరిచే క్రీములలో పాదరసం ఉంటుంది. కేరళలోని కోట్టక్కల్‌లో 2021–23 నడుమ ఒక అరుదైన మూత్రపిండాల జబ్బుతో వచ్చినవారిలో పలువురు ఇటువంటి క్రీములు వాడినవారని వైద్యులు గుర్తించారు. ముఖానికి రాసింది మూత్రపిండాలకు తగిలింది!

కొబ్బరి నూనె ఎవరినీ తెల్లబరచదు. చర్మపు రంగు మెలనిన్‌ది, అది మన తాతముత్తాతలు మనకిచ్చిన గొడుగు. తెల్లబరచదన్న ఈ ఒక్క గుణానికే నేను కొబ్బరి నూనెకు నమస్కరిస్తాను. ఉన్న చర్మాన్ని ఉన్న రంగులోనే మెత్తగా ఉంచుతుంది. అంతకుమించి ఆశ పెట్టదు. ఆశ పెట్టేది దాని మీద అంటించిన చీటీ.

చీటీ అంటే గుర్తొచ్చింది. ఈ నూనె వంట సరుకా, అలంకరణ సరుకా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని మీలో ఎందరికి తెలుసు? చిన్న సీసాల్లో అమ్మేది తలనూనె కాబట్టి ఎక్కువ పన్ను కట్టాలని ఎక్సైజు శాఖ, కాదు తినే నూనెయే అని కంపెనీలు. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట అన్నారు. చివరకు 2024 డిసెంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, సీసా చిన్నదైనంత మాత్రాన స్వచ్ఛమైన కొబ్బరి నూనె తలనూనె అయిపోదనీ, తలనూనె అని చీటీ మీద రాసి అమ్మితేనే ఆ వర్గంలోకి వస్తుందనీ తేల్చింది. జీఎస్టీలో తినే నూనెకు నూటికి ఐదు, తలనూనెకు పద్దెనిమిది ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె కూడా ఐదుకే దిగింది. టీవీలో జుట్టు విరబోసుకున్న అమ్మాయిని చూపించిన సరుకే పన్ను దగ్గరికి వచ్చేసరికి వంటింటి సరుకు అయింది. న్యాయం కంపెనీల వైపే ఉండవచ్చు, కాదనను. కాని సీసా మీది చీటీని నమ్మే ముందు అది ఎవరి అవసరం కోసం రాసిందో చూడమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ చీటీనే వెనక్కి తిప్పి చదవండి. ముందువైపు కొబ్బరికాయ బొమ్మ ఉన్న సువాసన తలనూనెల్లో కొన్నింటికి వెనక సన్నని అక్షరాల్లో ‘మినరల్ ఆయిల్’ అనో, ‘లైట్ లిక్విడ్ పారాఫిన్’ అనో ఉంటుంది. అది పెట్రోలియం నుంచి తీసింది. శుద్ధి చేసినదైతే పైపూతకు హాని లేదు. కాని కొబ్బరి ధర ఇచ్చి పారాఫిన్ కొనడం ఎందుకు? వర్జిన్ నూనె సంగతీ అంతే. పచ్చి కొబ్బరి నుంచి తీస్తారు, వాసన బాగుంటుంది, కొబ్బరిలోని ఇతర పదార్థాలు కాసిని మిగులుతాయి. కొవ్వు ఆమ్లాలు మాత్రం ఎండుకొబ్బరి నూనెలో ఉన్నవే. స్కాలర్‌షిప్ డబ్బుతో బతికేవారికి మామూలు నూనె చాలు.

2025లో కొబ్బరి నూనె ధర ఆకాశాన్నంటింది. ధర పెరిగిన చోటికి కల్తీ వెతుక్కుంటూ వస్తుంది. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసులో నూనె పోసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కొబ్బరి నూనె గడ్డకడుతుంది, ఇతర నూనె కలిస్తే వేరే పొరగా నిలుస్తుంది. అయితే ఆయిల్‌పామ్ గింజల నూనె కూడా గడ్డకడుతుంది కాబట్టి ఆ కల్తీ ఈ పరీక్షకు దొరకదు.

దాన్ని పట్టే పరీక్ష మన ప్రయోగశాలలోనే ఉంది. రసాయన శాస్త్ర విద్యార్థులు మార్కుల కోసం కట్టే అయోడిన్ విలువ, సపోనిఫికేషన్ విలువ లెక్కలు ఇందుకే పుట్టాయి. కొబ్బరి నూనె అయోడిన్ విలువ ఏడున్నర నుంచి పది. ఆయిల్‌పామ్ గింజల నూనెకు పద్నాలుగు దాటుతుంది. పొద్దుతిరుగుడు నూనెకు నూరు దాటుతుంది. సపోనిఫికేషన్ విలువ కొబ్బరి నూనెకు రెండువందల యాభై ప్రాంతం. పారాఫిన్ సబ్బుగా మారనే మారదు గనుక అది కలిసిన కొద్దీ ఈ అంకె పడిపోతుంది. బ్యూరెట్టు, పిప్పెట్టు, ఓపికగల నలుగురు విద్యార్థులు ఉంటే చాలు. ఏటా ఇదే ప్రయోగం చేసి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని, మిగిలిన నూనెను సింకులో పారబోస్తున్నాం. గది కిటికీలో ఉన్న సీసాను ఆ బల్ల మీదకు తెద్దామన్న ఆలోచన మనకు ఎందుకు రాదు?

కాబట్టి సంఘానికి నాదొక సూచన. వచ్చే చలికాలంలో ఒక్క వారం ‘మన సీసా – మన పరీక్ష’ అని పెట్టండి. హాస్టళ్ల నుంచి, లాలాపేట, తార్నాక దుకాణాల నుంచి నమూనాలు తెప్పించండి. అధ్యాపకుల పర్యవేక్షణలో పరీక్షించి ఫలితాలు నోటీసుబోర్డు మీద పెట్టండి. అదే వారంలో ఒక చర్మవైద్యుణ్ణి పిలిచి, మొటిమలు, తామర, తెల్లబరిచే క్రీముల గురించి విద్యార్థినీ విద్యార్థులు సిగ్గుపడకుండా అడిగే ఏర్పాటు చేయండి. పక్కనే ఉన్న రెండు జాతీయ సంస్థల శాస్త్రవేత్తలను ఆహ్వానించండి. పూర్వ విద్యార్థులలో అక్కడ పనిచేసేవారు ఉంటారు, కాదనరు. ఖర్చు పెద్దగా ఉండదు. సాంస్కృతిక వారోత్సవంలో మైకు అద్దెకయ్యేంత కూడా కాదు.

ఇందువల్ల విప్లవం వస్తుందని నేననను. కాని ఒక ఊరి అమ్మాయి నూనె పెట్టుకున్నందుకు తలవంచుకోదు. ఇంకొక అమ్మాయి ముఖానికి ట్యూబు రాసే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. దుకాణదారుకు కూడా ఈ పిల్లలు సీసా తిప్పి చదువుతారన్న భయం కాస్త ఉంటుంది. తరగతి గదిలో నేర్చుకున్న శాస్త్రం అద్దం ముందు పనికి రాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?

సంఘం వారు తేదీ నిర్ణయించి చెప్పండి. పరీక్షకు మొదటి సీసా నేనే తెస్తాను.